కుటుంబ దానధర్మాలు, కుటుంబ ట్రస్టు: విశాఖలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మా మామగారి పేరు మీద ఒక చిన్న ట్రస్టు ఉంది. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక దాని లెక్కలు నా నెత్తిన పడ్డాయి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి బంధువులు, పొద్దున వాకింగ్‌లో కలిసే స్టీల్ ప్లాంట్ రిటైరీలు, అమెరికాలో పిల్లలున్న ఎంవీపీ కాలనీ స్నేహితులు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ప్రశ్నలు మాత్రం అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ఆడిటర్ని కాను, లాయర్ని కాను. సంతకాలు పెట్టే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళక తప్పదు.

ఒక మాట ముందే చెప్పాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారాయి. అయినా అందరి నోట్లో నలిగినవి 80జీ (దాతకి పన్ను తగ్గింపు ఇచ్చేది), 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది) కాబట్టి ఇక్కడ ఆ పాత పేర్లే వాడాను.

నాన్నగారి పేరు మీద ట్రస్టు పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

ట్రస్టు పెట్టకుండా మొదలుపెట్టండి.

వేళాకోళం కాదు. ఒక నోట్‌బుక్ కొనండి. నాన్నగారి తిథి నాడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు తలా ఇంత వేసుకోండి. ఆ ఏడాదికి ఎవరికి ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎవరు చెబితే ఇచ్చారు, తర్వాత ఏమైంది అన్నది రాయండి. ఇలా మూడేళ్ళు చెయ్యండి. ఇప్పటికే బాగా నడుస్తున్న ఆసుపత్రికో, హాస్టల్‌కో ఇస్తే ట్రస్టు అవసరం కూడా రాదు.

మా ఇంట్లో మొదటి ఏడాది పెద్ద బావగారు గుడి అన్నారు, మా ఆయన చదువు అన్నారు, ఆడపడుచు వైద్యం అంది. మూడేళ్ళ తర్వాత నోట్‌బుక్ తిరగేస్తే సగానికి పైగా డబ్బు పాడేరు వైపు నుంచి విశాఖకి డిగ్రీ చదవడానికి వచ్చిన ఆడపిల్లల హాస్టల్ ఖర్చులకి వెళ్ళింది. అది మేమెవరమూ కూర్చుని నిర్ణయించింది కాదు. అడిగినవాళ్ళు వాళ్ళు, ఇచ్చాక ఫలితం కనిపించింది అక్కడ. ట్రస్టు డీడ్‌లో మొదటి ఉద్దేశం అదే రాశాం. నోట్‌బుక్ లేకపోతే 'విద్య, వైద్యం, ఆధ్యాత్మికం, పర్యావరణం, సమస్త ప్రజాసేవ' అని రాసుకుని ఊరుకునేవాళ్ళం.

ఎంత డబ్బుంటే ట్రస్టు పెట్టొచ్చు?

చట్టానికి వెయ్యి రూపాయలు చాలు. మీకు చాలవు.

లెక్క వేసుకోండి. 20 లక్షలు మూలధనంగా పెట్టారు, ఎఫ్‌డీ మీద ఏడు శాతం వస్తోంది అనుకుందాం. ఏడాదికి లక్షా నలభై వేలు. అందులో ఆడిటర్ ఫీజు, రిటర్ను ఖర్చు, తిరుగుళ్ళు తీసేయాలి. పన్ను మినహాయింపు నిలవాలంటే ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ధర్మకార్యానికి ఖర్చు కావాలి. మిగతా 15 శాతం ఉంచుకోవచ్చు. ఏదైనా పెద్ద పని కోసం కూడబెట్టాలంటే ముందుగా ఫారం పెట్టి ఐదేళ్ళ వరకు దాచుకోవచ్చు. మొత్తానికి చేతికి వచ్చేది ఇద్దరు ముగ్గురు పిల్లల ఏడాది ఖర్చు. అంతకోసం డీడ్లు, రిజిస్ట్రేషన్లు, రిటర్నులు అవసరమా అని ఇంట్లో ఒకసారి గట్టిగా అనుకోండి. నా లెక్కలో ఏటా నాలుగైదు లక్షలు ఇచ్చే కుటుంబానికైతేనే ట్రస్టు పని ట్రస్టుకి తగ్గట్టు ఉంటుంది. ఇది నా అభిప్రాయం, నియమం కాదు.

ట్రస్టా, సొసైటీయా, సెక్షన్ 8 కంపెనీయా?

కుటుంబానికి ట్రస్టే. సొసైటీకి మన రాష్ట్రంలో 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, ఎన్నికలు పెట్టుకోవాలి. అన్నదమ్ముల మధ్య ఎన్నికలు ఎందుకు చెప్పండి. సెక్షన్ 8 కంపెనీకి, అంటే లాభం పంచుకోకుండా సేవ కోసమే పెట్టే కంపెనీకి, ఇద్దరు డైరెక్టర్లు చాలు గానీ కంపెనీల చట్టం రాతకోతలన్నీ నెత్తిన పడతాయి. బయటి నుంచి పెద్ద మొత్తాలు తెచ్చి, జీతగాళ్ళను పెట్టుకుని నడిపేవాళ్ళకి అది బాగుంటుంది.

ట్రస్టు డీడ్‌లో ఏం రాయాలి?

స్టాంపు పేపర్ల దగ్గర దొరికే తయారు డీడ్‌లో పేర్లు మార్చి తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. పదేళ్ళ తర్వాత బాధపడేది కూడా వాళ్ళే. ఉద్దేశాలు ఎలాగూ రాస్తారు, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. ఎవరూ ఆలోచించనివి చెబుతాను.

ఒక ట్రస్టీ పోతే ఆ చోటు ఎవరికి? 'పెద్ద కొడుక్కి' అని రాస్తే ఆ పెద్ద కొడుకు టెక్సాస్‌లో ఉండి ఫోన్ ఎత్తకపోవచ్చు. 'మిగిలిన ట్రస్టీలు కుటుంబంలోంచి ఒకరిని ఎన్నుకోవాలి' అని రాస్తే కుటుంబం అంటే ఎవరు? పెళ్ళయిన కూతురు కుటుంబమేనా? అల్లుడో? కోడలో? మా డీడ్ మొదటి ముసాయిదాలో 'పుత్ర పౌత్ర పారంపర్యంగా' అని ఉంది. మా ఆడపడుచు చదివి పక్కన పెట్టి, "నేను వేసిన డబ్బు మాత్రం పుత్రికది కాదా?" అంది. ఆ మాట మర్నాడే మారింది.

బయటి మనిషి ఒకరు ట్రస్టీగా ఉండాలి. మాకు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు ఉన్నారు. ఆయన ఎదురుగా ఉంటే మేం గొంతులు తగ్గించి మాట్లాడతాం. ఆ ఒక్క ప్రయోజనం చాలు.

బ్యాంకులో ఇద్దరి సంతకం పెట్టండి, ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకూడదు. మేనేజింగ్ ట్రస్టీ పదవికి గడువు పెట్టండి, మాకు మూడేళ్ళు. సమావేశానికి ఎంతమంది ఉండాలో, వీడియో కాల్‌లో వచ్చినవాళ్ళని లెక్కలోకి తీసుకుంటారో లేదో రాయండి. ట్రస్టు తిరిగి వెనక్కి తీసుకోలేనిది అని, మూసేస్తే మిగిలిన ఆస్తి ఇలాంటి మరో ధర్మసంస్థకే వెళ్తుందని స్పష్టంగా ఉండాలి. ఇవి లేకపోతే పన్ను రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు.

జీఎంఆర్ వ్యాపార కుటుంబం తమ ఇంటి నియమాలను ఏకంగా 'కుటుంబ రాజ్యాంగం'గా రాసుకుంది. మనకంత అక్కర్లేదు గానీ, అంత ఆస్తి ఉన్నవాళ్ళే నోటి మాట మీద వదలలేదంటే మనం ఒక పేజీ అయినా రాసుకోవచ్చు కదా.

రిజిస్ట్రేషన్ అయ్యాక వెంటనే విరాళాలు తీసుకోవచ్చా?

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రిజిస్టరయ్యాక ముందు ట్రస్టు పేరుతో పాన్, తర్వాత బ్యాంకు ఖాతా. ఆ తర్వాత 12ఏ, 80జీ రెండింటికీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు. కొత్త ట్రస్టుకి మొదట మూడేళ్ళకు తాత్కాలికంగా ఇస్తారు. పనులు మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు, లేదా ఆ మూడేళ్ళు ముగియడానికి ఆరు నెలల ముందు, ఏది ముందైతే అప్పుడు, శాశ్వత రిజిస్ట్రేషన్‌కి మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. శాశ్వతం అంటారు గానీ 80జీ ఐదేళ్ళకే. 12ఏ కూడా ఐదేళ్ళే ఉండేది, 2025 బడ్జెట్‌లో ఆదాయం ఐదు కోట్లు దాటని ట్రస్టులకి పదేళ్ళు చేశారు. మన ఆంధ్రా ట్రస్టుల ఫైళ్ళు చూసేది హైదరాబాద్‌లోని మినహాయింపుల కమిషనర్.

తేదీలు తప్పితే మాత్రం టెన్షనే. నాకు తెలిసిన ఒక కుటుంబం తాత్కాలికం గడువు మర్చిపోయింది. పట్టించుకోవాల్సిన అన్నగారు అప్పుడు కూతురి పెళ్ళి పనుల్లో ఉన్నారు. మా ఇంట్లో ఈ తేదీలన్నీ వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంటాయి, గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే.

80జీ ఉంటే మేం ఇచ్చినదంతా పన్నులోంచి పోతుందా?

పోదు. మామూలు ట్రస్టుకి ఇచ్చిన దాంట్లో సగం ఆదాయంలోంచి తగ్గుతుంది. దానికీ మీ ఆదాయంలో పది శాతం అనే పరిమితి ఉంది. రెండు వేలు దాటిన నగదుకి ఏమీ రాదు. బియ్యం బస్తాలు, కుట్టు మిషన్లు, పుస్తకాలు ఇస్తే అసలు రాదు. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఈ మినహాయింపే లేదు. మా పెద్ద బావగారు రెండేళ్ళు రసీదులు జాగ్రత్తగా దాచుకున్నాక ఈ సంగతి తెలిసింది.

ట్రస్టు వైపు నుంచి, ఏడాదిలో ఎవరెవరు ఎంత ఇచ్చారో మే 31 లోపు దాఖలు చేసి దాతలకి సర్టిఫికెట్ ఇవ్వాలి. చేత్తో రాసిన రసీదు ఒక్కటే ఇప్పుడు సరిపోదు. దాత పేరు, వివరాలు లేకుండా హుండీ డబ్బులా తీసుకుంటే, పరిమితి దాటినదాని మీద 30 శాతం పన్ను.

మా మేనల్లుడి ఇంజినీరింగ్ ఫీజు ట్రస్టు నుంచి కట్టొచ్చా? నిజంగానే ఇబ్బందుల్లో ఉన్నారు.

కట్టకూడదు. ట్రస్టు పెట్టినవాళ్ళు, ట్రస్టీలు, వాళ్ళ బంధువులకి ట్రస్టు డబ్బుతో లాభం చేకూర్చకూడదని చట్టం. బంధువుల జాబితాలో తోబుట్టువులు, వాళ్ళ పిల్లలు, భార్య తరఫు తోబుట్టువుల పిల్లలు అందరూ వస్తారు. ఇబ్బంది నిజమైనదా కాదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. అలా ఇచ్చిన మొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది, రిజిస్ట్రేషన్‌కీ ముప్పే.

మేనల్లుడికి సాయం చెయ్యండి, తప్పకుండా చెయ్యండి. మీ జేబులోంచి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురి నర్సింగ్ ఫీజు కూడా మేం అలాగే కట్టాం. ఆమె చట్టం చెప్పిన బంధువు కాదు, ట్రస్టు నుంచి ఇస్తే పన్నువాళ్ళు ఏమీ అనరు. కానీ మా ఇంటి పని మనిషికి ఇస్తున్నప్పుడు అది ధర్మమా, జీతం తక్కువ ఇస్తున్నదానికి సర్దుబాటా అని నాకే అనుమానం వచ్చింది. ఆ మర్నాటి నుంచి జీతం కూడా పెంచాం.

స్కాలర్‌షిప్ మా కులం పిల్లలకే ఇవ్వాలని నాన్నగారి కోరిక. కుదురుతుందా?

ఫలానా కులానికి, ఫలానా మతానికి మాత్రమే అని డీడ్‌లో రాస్తే ధర్మసంస్థగా పన్ను మినహాయింపు నిలవదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, ఆడవాళ్ళు, పిల్లలు అని పెట్టుకోవచ్చు. పెద్దాయనతో ఇది ఎలా చెప్పాలన్నది వేరే కష్టం. 'మన ఊరి పిల్లలు' అని మార్చితే చాలామంది పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు, వాళ్ళ మనసులో ఉన్నది ఎక్కువసార్లు ఊరే.

అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. ట్రస్టుకి పంపిస్తానంటున్నాడు.

విశాఖలో అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది పొరపాటు చేసేదీ ఇక్కడే. ఎక్కడ ఉంటున్నాడని కాదు, చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందని చూడాలి. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తూ, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. గ్రీన్ కార్డు ఉన్నా ఫర్వాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) వచ్చిపోతుంటే మాత్రం అతను పంపింది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు దాన్ని ముట్టుకోకూడదు. సొంత కొడుకే కదా అంటే కుదరదు.

ఆ రిజిస్ట్రేషన్‌కి ట్రస్టు పుట్టి మూడేళ్ళు దాటాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు అసలు పనుల మీద ఖర్చు పెట్టి ఉండాలి. డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అందుకే చిన్న కుటుంబ ట్రస్టులకి నేను ఆ దారి చెప్పను.

మరి అబ్బాయి నాన్న ఖాతాకి వేసి, నాన్న ట్రస్టుకి ఇస్తే? అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న ఇదే. బంధువులు సొంత ఖర్చులకి పంపుకోవడానికి చట్టంలో చోటుంది. దాన్ని ట్రస్టుకి దొడ్డిదారిగా వాడుకోవద్దు. అబ్బాయి ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థకి నేరుగా ఇచ్చి, తాతగారి పేరు చెప్పమనండి. ఇచ్చినట్టే కదా.

గిరి ప్రదక్షిణకి మజ్జిగ, గుడికి అన్నదానం ట్రస్టు నుంచి చెయ్యొచ్చా?

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున 32 కిలోమీటర్ల దారి పొడుగునా మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పంచని వీధి ఉండదు. నడిచేవాళ్ళు ఎవరైనా తాగుతారు కాబట్టి మజ్జిగతో సమస్య లేదు. గుడి కట్టడం, ఉత్సవాలు, హోమాలు వేరే. 80జీ ఉన్న ట్రస్టు మతపరమైన పనులకి ఏడాది ఆదాయంలో ఐదు శాతం మించి పెట్టకూడదు. మా పెద్ద బావగారి గుడి కోరికని మేం ట్రస్టుకి బయటే, అన్నదమ్ముల ఇంటి డబ్బుతో తీర్చాం. అందరికీ అదే హాయిగా ఉంది.

ఇల్లు ట్రస్టుకి రాసేస్తే?

తొందరపడకండి. రాసేశాక అది మీది కాదు, మీ పిల్లలదీ కాదు. అమ్మాలన్నా ధర్మాదాయ శాఖ అనుమతుల దాకా వెళ్ళాల్సి రావచ్చు. అద్దె ట్రస్టు ఆదాయం అవుతుంది, రిపేర్లు ట్రస్టు ఖర్చు అవుతాయి, ఖాళీ చెయ్యని అద్దెవాడు ట్రస్టు తలనొప్పి అవుతాడు. అమ్మగారు ఆ ఇంట్లోనే ఉంటుంటే అసలు వద్దు. రాయాలనే ఉంటే విల్లులో, ఆవిడ తదనంతరం అని రాయండి.

తుఫాను వచ్చినప్పుడు ఏం చెయ్యాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్టు దొరకలేదు. అందరం పులిహోర పొట్లాలు కట్టుకుని రోడ్డు పక్క కాలనీలకే వెళ్ళాం. ఒక్కో వీధికి నాలుగు బృందాలు, మత్స్యకారుల పల్లెల్లో లోపలి వీధులకి ఎవరూ లేరు. అప్పటి నుంచి మా నియమం ఒక్కటే. మొదటి వారం ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చేస్తాం, దానికి 80జీలో నూటికి నూరు శాతం మినహాయింపు ఉంది. మా డబ్బు మూడో నెలకి దాచుకుంటాం. వలలు, రేకులు, పిల్లల పుస్తకాలు అప్పుడే కావాలి, అప్పటికి ఫొటోలు తీసేవాళ్ళంతా వెళ్ళిపోయి ఉంటారు.

డిసెంబరులో ఏజెన్సీకి దుప్పట్లు పట్టుకెళ్దామా?

మేమూ వెళ్ళాం, లంబసింగి వైపు. మంచు చూసినట్టూ ఉంటుంది, పుణ్యమూ వస్తుందని. ఆ ఊళ్ళో అప్పటికే రెండు సంఘాలు దుప్పట్లు పంచి వెళ్ళాయి. ఒక ముసలావిడ మా దుప్పటి తీసుకుని, మా ఆయన ఫొటో తీస్తుంటే ఎలా నిలబడాలో ఆవిడకి ముందే తెలిసినట్టు నిలబడింది. నాకు సిగ్గేసింది. ఊరి పంతుల్ని ఏం కావాలని అడిగితే, పదో తరగతి తర్వాత పిల్లలు చదువు మానేస్తున్నారు, బస్సు ఖర్చులకీ హాస్టల్ ఖర్చులకీ చూడండి అన్నారు. పైన చెప్పిన ఆడపిల్లల హాస్టల్ కథ అక్కడే మొదలైంది. అడిగి వెళ్ళండి. ఫోను చేస్తే చాలు.

ట్రస్టుకి, భవనానికి మా ఇంటి పేరు పెట్టాలా?

పెట్టుకోండి, తప్పేముంది. కానీ ఏది మిగులుతుందో చెప్పలేం. ఈ ఊళ్ళోనే గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ఖర్చుతో ఖగోళ పరిశీలనశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు నడిపారు. 1892లో ఆయన కూడా పోయాక భార్య కొంతకాలం చూసి, 1894లో మద్రాసు ప్రభుత్వానికి అప్పగించారు. ఆ టెలిస్కోపుల సంగతి ఇప్పుడు ఊళ్ళో ఎంతమందికి తెలుసు? అదే కుటుంబం పేరున్న మిసెస్ ఏవీఎన్ కాలేజీ మాత్రం అందరికీ తెలుసు, ఏవీఎన్ అంటే ఆ అల్లుడిగారి పేరే. కాలేజీ పేరులో ఆ 'మిసెస్' ఏమిటని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం.

అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ట్రస్టు మూసేయొచ్చా?

మూసేసి డబ్బు పంచుకోవడం కుదరదు. రిజిస్టరైన మరో ధర్మసంస్థకి అప్పగించవచ్చు. అలా కాకుండా రిజిస్ట్రేషన్ వదిలేస్తే, ఆస్తుల మార్కెట్ విలువ మీద అత్యధిక రేటులో పన్ను కట్టాల్సి వస్తుంది. అందుకని మాట్లాడుకోకపోయినా సంతకాలు మాత్రం పెడుతూ ఉండండి. ఆడిట్ రిపోర్టు సెప్టెంబరు 30, రిటర్ను అక్టోబరు 31. వాట్సాప్‌లో తేదీ పెడితే బొటనవేలి గుర్తు వస్తుంది, అది చాలు.

మనవలకి దీని మీద ఆసక్తి కలిగేదెలా?

మీటింగులో కూర్చోబెడితే కలగదు, నిద్రపోతారు. మేం ఏటా వేసవిలో పిల్లలందరికీ కలిపి పది వేలు ఇస్తాం. ఎవరికి ఇవ్వాలో వాళ్ళే తేల్చుకోవాలి, మేం నోరెత్తకూడదు. మొన్న వేసవిలో వీధి కుక్కల ఆపరేషన్లకి ఇచ్చారు. పెద్ద బావగారికి నచ్చలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. రసీదు మాత్రం పన్నెండేళ్ళ మనవరాలు నోట్‌బుక్‌లో అంటించి, 'తర్వాత ఏమైంది' అన్న గడిలో ఏడు కుక్కల పేర్లు రాసింది.